మంచు మీద రన్‌వే వేసిన వైమానికుడు: యల్మార్ రీసర్-లార్సెన్

ధ్రువయాత్రల మాట వస్తే రోఆల్ అముండ్‌సెన్ పేరు అందరికీ తడుతుంది. ఆ అముండ్‌సెన్‌ను 1925లో ఉత్తరధ్రువం వైపు తీసుకువెళ్లి, అంతకన్నా ముఖ్యంగా ప్రాణాలతో వెనక్కి తెచ్చిన యల్మార్ రీసర్-లార్సెన్ గురించి తెలుగులో నాకు పెద్దగా ఏమీ కనిపించలేదు. 1890లో ఓస్లోలో పుట్టి, నౌకాదళంలో చేరి, అక్కడే విమానం నడపడం నేర్చుకున్న ఈ నార్వే వైమానికుడి ఘనత ఎంత దూరం ఎగిరారన్న దానిలో లేదని, దిగిన చోటి నుంచి మళ్లీ ఎగరగలగడంలో ఉందని నా నమ్మకం.

1925 మే 21న, ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో ఒకటైన స్పిట్స్‌బెర్గెన్‌లోని కింగ్స్ బే నుంచి ఎన్-24, ఎన్-25 అనే రెండు డోర్నియర్ వాల్ విమానాలు బయలుదేరాయి. నీటి మీద, మంచు మీద దిగడానికి వీలుగా వాటి అడుగుభాగం పడవలా ఉంటుంది. ఒక్కో విమానంలో ముగ్గురు. ఎన్-25ను నడిపింది రీసర్-లార్సెన్. సగం ఇంధనం ఖర్చయ్యాక, ధ్రువానికి ఇంకా సుమారు 250 కిలోమీటర్ల దూరంలో, మంచు పలకల మధ్య కనిపించిన నీటిపాయల్లో రెండు విమానాలూ దిగాయి. ఎన్-24 పాడైపోయింది. పైగా రెండు బృందాలూ ఒకదానికొకటి దూరంగా చిక్కుకుపోయి, అందరూ ఒకచోట చేరడానికే రోజులు పట్టింది.

మిగిలిన ఒక్క విమానంలోనే ఆరుగురూ తిరిగి రావాలి. ఆ నీటిపాయ రాత్రికి రాత్రే గడ్డకట్టి, ఇరువైపుల నుంచి జరిగి వచ్చే మంచు విమానాన్ని నలిపివేసేలా ఉంటే, దాన్ని లాగి పలక మీదకు ఎక్కించారు. చేతిలో సరైన పనిముట్లు లేవు. గొడ్డలి, కత్తులు, చెక్కపారలు, మంచులో దిగవేసే లంగరు వంటి వాటితోనే దిబ్బలను చెక్కి, పగుళ్లు పూడ్చి, విమానం పరుగుకు బాట వేశారు. సిద్ధం చేసిన బాట చీలిపోతే మరోచోట మొదలుపెట్టేవారు. తిండిని కొద్దిపాటి బిస్కెట్లు, పెమ్మికన్ (ఎండు మాంసం, కొవ్వు కలిపిన ముద్ద), చాక్లెట్‌కు కుదించుకున్న మనుషులు చేసిన పని ఇది. చివరి బాట దగ్గర తడిసి బరువెక్కిన మంచును ఎత్తిపోయడం వాళ్ల వల్ల కాలేదు. అప్పుడు వారిలో ఒకరికి తోచిన ఉపాయం వారిని కాపాడింది: మంచును తీసివేయడం మాని, వరుసగా నిలబడి కాళ్లతో తొక్కడం మొదలుపెట్టారు. తొక్కిన మంచు చలికి బిగుసుకుని, సుమారు 500 మీటర్ల పొడవున గట్టి నేలలా తయారైంది. ఈ మూడు వారాల్లో కదిలించిన మంచు దాదాపు 500 టన్నులు ఉంటుందని అముండ్‌సెన్ అంచనా.

జూన్ 15న అత్యవసరం కాని సామాను అంతా వదిలేసి, ఆరుగురి బరువుతో ఎన్-25ను రీసర్-లార్సెన్ ఆ బాట చివర గాలిలోకి లేపారు. ఇంధనం అడుగంటుతున్న వేళ స్వాల్‌బార్డ్ ఉత్తర తీరాన సముద్రంపై దించారు. సీల్ వేటకు వచ్చిన ఓ నార్వే ఓడ వారిని చేర్చుకుంది. వీళ్లు చనిపోయారని అప్పటికే చాలామంది అనుకున్నారు.

మరుసటి ఏడాది నార్గే అనే ఎయిర్‌షిప్‌లో (గాలికన్నా తేలికైన వాయువుతో తేలే వాహనం) ఆయన దిశానిర్దేశకుడిగా ధ్రువం మీదుగా అలాస్కా చేరారు. 1928లో ఇటాలియా ఎయిర్‌షిప్ కూలినప్పుడు, మంచులో చిక్కిన దాని నాయకుడు నోబిలే బృందం కోసం మరో నార్వే వైమానికుడు లుట్సోవ్-హోల్మ్‌తో కలిసి విమానాల్లో గాలించారు; కింద ఉన్నవారు ఆ విమానాలను చూశారు గాని, పైనున్న వీరికి ఆ మనుషులు కనిపించలేదు. అంతులేని తెలుపులో చిన్న గుడారాన్ని గుర్తుపట్టడం ఎంత కష్టమో తెలిస్తే వీరిని తప్పుపట్టలేం. అదే గాలింపుకు బయలుదేరిన అముండ్‌సెన్, 1925లో ఎన్-24ను నడిపిన డీట్రిక్‌సన్ తిరిగి రాలేదు.

ఆ తర్వాత ఆయన దృష్టి దక్షిణానికి మళ్లింది. తిమింగలాల వేట వ్యాపారి లార్స్ క్రిస్టెన్‌సెన్ పంపిన నార్వేజియా నౌక నుంచి 1929-30లో విమానాల్లో ఎగిరి, అంటార్కిటికాలో అప్పటివరకు ఎవరూ చూడని తీరాలను పటానికెక్కించారు. నార్వే 1939లో తనదని ప్రకటించుకున్న క్వీన్ మాడ్ ల్యాండ్‌లోనివే ఆ తీరాలు. మన దేశపు మైత్రి పరిశోధన కేంద్రం ఉన్నది కూడా ఆ క్వీన్ మాడ్ ల్యాండ్‌లోనే, షిర్మాకర్ ఒయాసిస్ అనే మంచు కప్పని నేల మీద. అక్కడి తీరాన్ని ఆనుకుని సముద్రంపై తేలే ఒక భారీ మంచు ఫలకానికి ఇప్పుడు రీసర్-లార్సెన్ పేరే ఉంది.

జర్మనీ నార్వేను ఆక్రమించాక టొరంటోలోని ‘లిటిల్ నార్వే’ శిబిరంలో యువ పైలట్ల శిక్షణకు సారథ్యం వహించారు. 1944లో ఏర్పడిన నార్వే వైమానిక దళానికి తొలి అధిపతి అయ్యారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం యుద్ధానంతర కాలం. స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్‌లో బాధ్యతలు చేపట్టి, ఆర్కిటిక్ మీదుగా ప్రయాణికుల విమానాలు నడపాలని ఆయన పట్టుబట్టారు. 1954లో కోపెన్‌హాగెన్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు ఆ మార్గం మొదలైంది. 1925లో ప్రాణాలు పణంగా పెట్టి దాటిన ఉత్తరపు ఆకాశంలోకి, 1965లో ఆయన కన్నుమూసే నాటికి, ఎవరైనా టికెట్ కొనుక్కుని వెళ్లగలుగుతున్నారు.