చెన్నై కోపీపాడ్ల పొట్ట, పదహారు నిమిషాల లెక్క

ప్లవకాల (నీటితో పాటు కొట్టుకుపోయే చిన్న జీవుల) రుతుచక్రం అనగానే పాఠ్యపుస్తకాలు ఉత్తర అట్లాంటిక్ కథే చెబుతాయి. కలానస్ ఫిన్మార్కికస్ అనే కోపీపాడ్ (రొయ్యలకు దూరపు చుట్టమైన చిన్న జంతుప్లవకం) చలికాలమంతా ఒంట్లో దాచుకున్న మైనపు కొవ్వుతో లోతు నీళ్లలో నిద్రపోయి, వసంతంలో డయాటమ్‌లనే ఏకకణ వృక్షప్లవకాలు విరగబూయగానే పైకొస్తుంది. చెన్నైలో ఆ కథ నడవదు. నీళ్లు ఏడాదంతా వెచ్చనే. ఇక్కడి కోపీపాడ్లు అకార్షియా, పారాకలానస్, తెమోరాలకు చలికాలపు నిద్ర లేదు, ఎప్పుడూ తింటూనే ఉండాలి. మారేదల్లా వాన, ప్రవాహం.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒడ్డు వెంట ప్రవాహం దక్షిణానికి సాగుతుంది. మహానది, గోదావరి నీళ్లు కలిసి పలచబడ్డ ఉత్తరపు నీరు ఇటు దిగుతుంది. పైన ఈశాన్య వానలు, కూవం, అడయారు నదుల బురద. బురదలో వెలుతురు దిగక వృక్షప్లవకాలు తగ్గుతాయి, వాన ఆగి నీళ్లు తేరుకున్నాక పుంజుకుంటాయి. ఎండాకాలం మొదట్లో ట్రైకోడెస్మియం అనే సయనోబాక్టీరియా తెట్టుగా తేలినా చాలా కోపీపాడ్లు దాన్ని ముట్టవు. మాక్రోసెటెల్లా అనే కోపీపాడ్ మాత్రం దాన్నే పట్టుకుని బతుకుతుంది. అంటే నీళ్లు పచ్చగా ఉన్నంత మాత్రాన మేత ఉన్నట్టు కాదు. 2019 ఆగస్టులో తిరువాన్మియూరు అలలు నీలంగా మెరిసింది నాక్టిల్యూకా అనే ఏకకణ ప్లవకం వల్ల. అది కోపీపాడ్లకు మేత కావడం అటుంచి, వాటి గుడ్లనే మింగగలదు.

తినే తీరు గురించి ఒక మాట. మూతి దగ్గరి అంగాలు జల్లెడలా వడపోస్తాయనుకునేవారు. 1981లో కోల్, స్ట్రిక్లర్ అతివేగపు ఫిల్ము తీసి చూపించాక ఆ నమ్మకం పోయింది. మిల్లీమీటరు ప్రాణికి నీళ్లు తేనెలా చిక్కన. వెంట్రుకల సందుల్లోంచి నీరు సులువుగా జారదు కాబట్టి అంగాలు తెడ్డుల్లా పనిచేసి, కణం ఉన్న కాస్త నీటినీ ముద్దగా పట్టి నోటికి తెస్తాయి. ఒయితోనా అనే చిన్న కోపీపాడ్‌ది వేరే దారి: కదలకుండా కాపు కాసి, కదిలేదాన్ని పట్టుకుంటుంది.

ఎంత తిన్నదో తేల్చడానికి చవకైన పద్ధతి పొట్టలోని పత్రహరితాన్ని కొలవడం. 200 మైక్రాన్ల కన్నున్న వలను మెల్లగా రెండు మూడు నిమిషాలు లాగాలి. ఒయితోనా కావాలంటే 100 మైక్రాన్లు. పైకి తీసిన వెంటనే సోడా నీళ్లతో మత్తెక్కించాలి (గోలీ సోడా అయినా సరే, పన్నీర్ సోడా వద్దు). ఫార్మలిన్ పోస్తే పొట్ట ఖాళీ చేసేస్తాయి. తర్వాత వడకట్టి ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించాలి. మసక వెలుతురులో ఒకే జాతి ఆడవాటిని 20–50 ఏరి, వడపోసిన సముద్రపు నీటిలో కడిగి, 90 శాతం అసిటోన్‌లో వేసి చీకట్లో చల్లగా ఒక రోజు ఉంచాలి. ఆమ్లపు చుక్క వేయకముందోసారి, వేశాకోసారి ఫ్లోరోమీటర్‌లో (పత్రహరితం వెదజల్లే వెలుగును కొలిచే పరికరంలో) చూస్తే పత్రహరితం, దాని శిథిలాలు విడివిడిగా తేలుతాయి. ఆకలితో ఉంచిన కోపీపాడ్లనూ కొలిచి ఆ అంకెను తీసేయాలి.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పొట్ట ఖాళీ అయ్యే వేగం ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. డామ్, పీటర్సన్ 1988లో ఇచ్చిన సూత్రం: నిమిషానికి 0.0117 + 0.001794 × ఉష్ణోగ్రత. 10 డిగ్రీల నీటిలో పొట్ట ఒకసారి మారడానికి సుమారు 34 నిమిషాలు, మన 28 డిగ్రీల్లో 16. చలి సముద్రాల వాళ్లలా పడవ మీద తీరిగ్గా ఏరుకుంటూ కూర్చుంటే సగం మేత బకెట్లోనే పోతుంది. రాత్రి మేత ఎక్కువ కాబట్టి పగటి నమూనా ఒక్కటే తీస్తే లెక్క తక్కువే వస్తుంది.

వానల నెలల్లో ఇంకో చిక్కు. పచ్చటి కణాలు కరువైతే కోపీపాడ్లు సీలియేట్లకు (ఒంటినిండా కేశాలున్న ఏకకణ జీవులకు) మళ్లుతాయి. వాటిలో సొంత పత్రహరితం లేదు కనుక నిండిన పొట్ట కూడా ఖాళీగానే కనిపిస్తుంది. అందుకే సీసా ప్రయోగమూ కావాలి: అదే నీరు, కొన్ని సీసాల్లో కోపీపాడ్లతో, కొన్నింటిలో లేకుండా; చివర్లో రెండింటి పచ్చదనంలోని తేడాయే మేత లెక్క. అడుగున పేరుకోకుండా 24 గంటలు మెల్లగా తిప్పుతూ ఉంచాలి. ఒక్కోసారి కోపీపాడ్లు ఉన్న సీసాలోనే పచ్చదనం పెరిగి, మేత లెక్క రుణాత్మకంగా వస్తుంది. పరికరం పాడైందనుకోకండి. చిన్న కణాలను మేసే సీలియేట్లను కోపీపాడ్లు తినేయడంతో ఆ కణాలకు ఊపిరాడిందన్నమాట. సీలియేట్లనూ లెక్కపెడితే తేలిపోతుంది. దానికి లుగాల్ ద్రావణం (అయోడిన్ ద్రావణం) వాడండి, ఫార్మలిన్‌లో అవి చితికిపోతాయి.