గుడ్డులో పరీక్ష, కంట్లో చుక్క

గుడ్ల కోసం పెంచే జాతిలో పుంజు పిల్ల పుడితే పరిశ్రమకు దానితో పని లేదు. గుడ్డు పెట్టదు, మాంసానికి త్వరగా ఎదగదు. అందుకే చాలా దేశాల్లో పుట్టిన రోజే చంపేస్తారు. ఇది తెలిసిన దగ్గర్నుంచి నా మనసు కుదురుగా లేదు. జర్మనీ 2022 నుంచి దీన్ని నిషేధించింది. పొదిగే గుడ్డులోనే పిల్ల ఆడదో మగదో చెప్పే యంత్రాలు వచ్చాయి. చాలా మంచి పని. అయితే ఆ ఖర్చు గుడ్డు ధరలో కలుస్తుంది, అక్కడి జనం భరించగలరు.

పేద దేశాల పల్లెల్లో కోడి బాధ వేరు. కొక్కెర తెగులు వచ్చిందంటే గుంపుకు గుంపే పోతుంది, అదీ నరకయాతన పడి. మామూలు టీకాను చల్లగా ఉంచాలి. కరెంటు లేని ఊరికి అదెలా చేరుతుంది? ఆస్ట్రేలియాలో తయారైన ఐ-2 టీకా వేడిని కొంత తట్టుకుంటుంది. నాలుగు నెలలకోసారి కంట్లో ఒక చుక్క, అంతే. మొజాంబిక్, టాంజానియాల్లో ఊరివాళ్లే వేస్తున్నారు. నా దృష్టిలో ఇదీ గొప్ప టెక్నాలజీయే.

2020లో, ల్యాబ్‌లో కణాల నుంచి పెంచిన కోడిమాంసం అమ్మకానికి సింగపూర్ అనుమతిచ్చినప్పుడు ప్రపంచమంతా మాట్లాడుకుంది. నేను దానికి వ్యతిరేకిని కాను. కానీ ఈ చుక్క మందుకు ఆ శ్రద్ధలో కొంతైనా దక్కాలి కదా!

ఇంకో దిగులుంది. గుడ్ల కోళ్లను రెక్క చాచలేనంత ఇరుకుగా కుక్కే వరుస తీగ గూళ్లను బ్యాటరీ పంజరాలంటారు. యూరోపియన్ యూనియన్ 2012లో మామూలు బ్యాటరీ పంజరాలను నిషేధించింది. పేద దేశాల్లో కొత్తగా కట్టే ఫారాల్లో చాలావాటిలో ఇంకా అవే. ఒకసారి కడితే ఏళ్ల తరబడి ఉంటాయి. కాబట్టి ఫారానికి అప్పిచ్చేవాళ్లు పంజరాలు లేని షెడ్డుకయ్యే అదనపు ఖర్చును ముందే, తక్కువ వడ్డీకి ఇవ్వాలి.