సరుగుడు రాట మీద లకుముకి

ఈ నెల ఆదివారాలన్నీ అంతర్వేది దారిలో రొయ్యల చెరువుల కంచెల దగ్గరే గడిచాయి. ఉప్పుగాలికి, ఎండకి నెర్రెలు విచ్చిన సరుగుడు రాటలు. బెరడు ఎప్పుడో రాలిపోయింది, మేకుల చుట్టూ తుప్పు చారలు.

ఒక రాట కింద రంపపు పొట్టు లాంటి సన్నటి పొడి కనిపించింది. పైకి చూస్తే వేలు పట్టేంత గుండ్రటి కన్నం. కాసేపటికి అందులోంచి పెద్ద నల్ల తుమ్మెద, రెక్కల మీద నీలి మెరుపుతో బయటికొచ్చింది. అది చెక్కని తినదు, పిల్లల కోసం తొలుస్తుందంతే. ఎంత ముద్దొచ్చిందో!

లకుముకి మాత్రం బాగా టెన్షన్ పెట్టింది. అడుగు ముందుకేస్తే తుర్రుమని రెండు రాటల అవతలికి. చివరికి గట్టు మీద కదలకుండా కూర్చున్నాను. అరగంటకి అదే వచ్చి వాలింది, ఎర్రటి ముక్కులో చిన్న తొండ. రాటకేసి టపటపా బాది మింగేసింది. ఆ తెల్లటి గొంతు, వీపు మీద ఆ నీలం... ఫోటోలో సగమే వచ్చింది.

"ఇవన్నీ పుచ్చిపోయాయండి, సిమెంటు స్తంభాలు వేయిస్తున్నాం" అన్నారు చెరువు రైతు. ఆయన ఇబ్బంది అర్థమైంది. తుమ్మెద ఉన్న ఒక్క రాటనీ ఉంచమని బతిమాలాను. "సరేనండి, దాన్ని కదపను" అన్నారు.