పలుపు ముడి

మూడేళ్ళ కిందట ఒక నవంబరు రాత్రి మా చెరువులో రొయ్యలు తేలాయి. ఐ.పోలవరం మండలంలో మాకు రెండెకరాల వనామీ చెరువు ఉంది. రాత్రంతా నీటిలోని ప్రాణవాయువు తరుగుతూ వచ్చి తెల్లవారుజాముకు అడుగంటుతుందని, ఆ వేళలో నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగకూడదని మా ప్రాంతంలో బడికి వెళ్ళే పిల్లవాడికి కూడా తెలుసు. గాలి లేచి కరెంటు పోగానే నేను జనరేటరు వేయడానికి షెడ్డుకు వెళ్ళాను. అక్కడ ఏం జరిగిందో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేను. నా భార్య టార్చిలైటు పట్టుకుని వచ్చేసరికి నేను గోడకు చేరబడి కూర్చుని ఉన్నానట. డీజిలు డబ్బా నా ఒళ్ళోనే ఉందట, మూత తీయలేదట. అప్పటికి నాలుగున్నర. ఎనభై రోజుల పంట పోయింది.

తెల్లవారాక వచ్చిన బంధువులందరూ ఒకే మాట అన్నారు: "మళ్ళీ మరచిపోయాడు." ఆ 'మళ్ళీ' అన్న మాటలో ఎన్నేళ్ళ బరువుందో మా ఇంట్లో వారికే తెలుసు.

తరువాతి నెలలు త్వరగా చెప్పేస్తాను. నిద్ర పోయింది, తిండి సహించలేదు, అప్పులవాళ్ళ ఫోన్లు ఎత్తడం మానేశాను. ఒక డాక్టరు గారు దిగులు జబ్బన్నారు. మరొకరు షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించి బాగానే ఉన్నాయన్నారు. ఇంకొకరు నా చిన్నప్పటి తుపాను సంగతి విని, అది మనసులో మిగిలిపోయిన గాయమని, మాటలతోనే నయమవుతుందని చెప్పి కౌన్సెలింగుకు పంపారు. అందరూ ఎంతోకొంత నిజమే చెప్పారు, ఎవరూ మొత్తం చెప్పలేదు.

ఆ కౌన్సెలరు గారి దగ్గరకు యానాం వంతెన మీదుగా బస్సులో కాకినాడ వెళ్ళేవాడిని. రోజూ వచ్చే భయాలను గడులు గీసిన పుస్తకంలో రాసుకు రమ్మనేవారు. నేను మొదటి పుస్తకం బస్సులో వదిలేశాను, రెండోది ఎక్కడ పెట్టానో తెలియదు, మూడోదానిలో రెండు పేజీలు రాశాక ఏరియేటరు మోటారు లెక్కలు వేసుకున్నాను. బుధవారం రమ్మంటే గురువారం వెళ్ళిన సందర్భాలూ ఉన్నాయి. అయిదో నెలలో ఆయన పుస్తకం మూసి, "మారాలనే ఉద్దేశం మీకు లేదండీ. ఉంటే ఈపాటికి ఒక్క వారమైనా రాసుకొచ్చేవారు" అన్నారు. కోపంగా కూడా అనలేదు. ఆ సాయంత్రం తిరుగు బస్సులో వంతెన మీదుగా గౌతమీ గోదావరిని చూస్తున్నప్పుడు నాకు వచ్చిన ఆలోచనను ఇక్కడ రాయను. అటువంటి ఆలోచన వచ్చినవారు 14416కు ఫోను చేయవచ్చునని, టెలి మానస్ అనే ఆ ప్రభుత్వ సేవలో తెలుగులోనే మాట్లాడవచ్చునని మాత్రం రాస్తాను. నాకు ఆ సంగతి అప్పుడు తెలియదు; నా భార్య ఫోను చేసి, పాలు విరిగిపోయాయి, వచ్చేటప్పుడు తెమ్మని చెప్పింది, అంతే. పాల పాకెట్టు కొనడం ఆ రోజు నేను మరచిపోలేదు.

ఇక చిన్నప్పటి ఆ తుపాను రాత్రి గురించి చెప్పాలి. 1996 నవంబర్ 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది, కోనసీమ కొబ్బరిని పడగొట్టింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. దీపావళి నాలుగు రోజుల్లో ఉంది. పొద్దు గూకేసరికి గాలి తీరు మారిందని గ్రహించిన నాన్నగారు, నానమ్మను భుజాన వేసుకుని వీధి చివరి డాబాకు బయలుదేరుతూ, "దూడ పలుపు విప్పి రారా" అని నాకు చెప్పారు. నేను పాక వైపే పరుగెత్తాను. దారిలో అరుగు మీద చేటలో మతాబు గొట్టాలు తడుస్తూ కనిపించాయి. వారం రోజులు కూర్చుని పాత కాగితాలతో నేనే చుట్టినవి. వాటిని లోపలికి చేర్చి, గోనెసంచి కప్పి, రెండు జారి పడితే వాటినీ ఏరుకుని బయటకు వచ్చేసరికి అమ్మ నా రెక్క పట్టుకుని డాబా వైపు లాక్కుపోయింది. పలుపు సంగతి నాకు గుర్తు రాలేదు. భయం వల్ల కాదు. గుర్తు రాలేదు, అంతే.

రాత్రి ఆ డాబాలో నలభై మందిమి ఉన్నాము. బయటి హోరు ధాన్యం మిల్లు లోపల నిలబడితే వినిపించే హోరులా ఉండేది. దాని మధ్యలో కొబ్బరి చెట్లు విరిగే చప్పుడు విడివిడిగా తెలిసేది. హోరు కాస్త తగ్గిన ఒక క్షణంలో దూడ అరుపు వినిపించింది. అప్పుడు గుర్తొచ్చింది. నేను ఎవరికీ చెప్పలేదు, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని చెవులు మూసుకున్నాను. నాన్నగారు తలుపు తీసుకుని బయటకు వెళ్ళడం, చాలాసేపటికి ఒళ్ళంతా గాట్లతో తిరిగి రావడం చూశాను. తెల్లవారాక పాక దూలం కింద దూడ ఉంది. మెడకు పలుపు అలాగే ఉంది. "ఒక్క పని చెబితే చేయలేకపోయావు కదరా" అన్నారాయన. ఆ ఒక్కసారే అన్నారు. తరువాత ఇరవై ఆరేళ్ళ పాటు పెళ్ళిళ్ళలో, కర్మలలో దానిని హాస్యంగా తిప్పి తిప్పి చెప్పినవారు వేరే. వారిని క్షమించానని రాయలేను.

రాజమండ్రిలో నాకు దొరికిన సైకాలజిస్టు గారు మొదటి రోజు తుపాను గురించి అడగనే లేదు. తుపానుకు ముందు నేను ఎలా ఉండేవాడినని అడిగారు. 1980లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలోకి గాయానంతర ఒత్తిడి రుగ్మతగా ఎక్కిన జబ్బులోనూ, చిన్నప్పటి నుంచే ధ్యాస, కుదురు నిలవని ఏడీహెచ్‌డీలోనూ ఏకాగ్రత కుదరకపోవడం ఉంటుందని, పైకి రెండూ ఒకేలా కనిపించవచ్చునని, అయితే ఏడీహెచ్‌డీ అనాలంటే పన్నెండేళ్ళ లోపే, అదీ ఇంట్లో ఒక్కచోటే కాకుండా బడిలో కూడా, లక్షణాలు కనిపించి ఉండాలని 2013 నాటి అయిదవ కూర్పు చెబుతున్నదని వివరించారు. అమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి నా రెండు, మూడు తరగతుల ప్రోగ్రెస్ కార్డులు తీసింది. రెండింటిలోనూ ఒకే వాక్యం ఉంది: "తెలివి ఉంది, కుదురు లేదు." అయినవిల్లి వినాయకుని దగ్గర పూజ చేయించి తెచ్చిన పెన్నును నేను వారం తిరక్కుండా పోగొట్టానని కూడా అమ్మ గుర్తు చేసింది. అదీ తుపానుకు ముందటి మాటే.

అంటే మతిమరుపును తుపాను తేలేదు. ఉన్న మతిమరుపు మీద తుపాను వచ్చి పడింది, దూడ చావు దానికి నేరమని పేరు పెట్టింది. అప్పటి నుంచి తాళం చెవి మరచినా, బిల్లు మరచినా నాలో లేచింది ఆ రాత్రి భయమే.

ఆ సైకాలజిస్టు గారు నాకు నేర్పినవాటిలో నన్ను నిలబెట్టింది ఒకటే. పని తప్పిపోయిందని తెలిసిన క్షణంలో లోపల ఏ మాట పుట్టిందో చూసుకోమన్నారు. 'అయ్యో' అనిపిస్తే అది మరపు, 'హమ్మయ్య' అనిపిస్తే అది తప్పించుకోవడం. మొదటిదానికి అలారం, గోడ మీద పలక, మరొకరి ఫోను పనిచేస్తాయి. రెండోదానికి అలారాలు పనిచేయవు, దాని గురించి మాట్లాడుకోవాలి. దూడ మాట మొదటిసారి చెప్పిన తరువాతి వారం నేను వెళ్ళలేదు. మరచిపోయానని ఫోనులో చెప్పాను. ఆవిడ ఏమీ అనకుండా, "అయ్యోనా, హమ్మయ్యా అండీ?" అని అడిగారు. నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. కాకినాడలో పోయిన పుస్తకాలన్నీ అయ్యోలే. ఇన్నేళ్ళూ నేను రెండింటినీ ఒకే గాటన కట్టి కొట్టుకున్నాను. జనరేటరు దగ్గర జరిగింది ఈ రెండూ కాదని, చీకటినీ గాలినీ గుర్తుపట్టిన ఒళ్ళు కొయ్యబారిపోయిందని ఆవిడ చెప్పినప్పుడు ఏడ్చింది నేను కాదు, పక్కన కూర్చున్న నా భార్య.

ముందు నిద్ర సరిచేశారు. పుస్తకం రాతకు బదులు ఫోనులో మాట రికార్డు చేసి పంపమన్నారు. ఆ రాత్రిని ముక్కలు ముక్కలుగా, ఒక్కోసారి ఇరవై నిమిషాలకు మించకుండా, గదిలో నడుస్తూ చెప్పనిచ్చారు. ఆ తరువాతే, సైకియాట్రిస్టు గారు బీపీ చూసి, ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ తక్కువ మోతాదులో మొదలుపెట్టారు. తొలి రోజులలో గుండె దడ వస్తే తుపాను మళ్ళీ ఒంట్లోకి వచ్చిందనుకుని హడలిపోయాను; మోతాదు మార్చాక కుదుటపడింది. అది షెడ్యూల్ ఎక్స్ అనే గట్టి కట్టడి జాబితాలోని మందు కాబట్టి చీటీ రెండు ప్రతులలో ఉండాలి, ఒకటి షాపువారు రెండేళ్ళు దాచాలి. చీటీలు పారేసుకునే జబ్బుకు రెండు చీటీల మందు! కుదురులేని పిల్లలున్న తల్లిదండ్రులు మాత్రం పన్నెండేళ్ళ లోపు ప్రోగ్రెస్ కార్డులు పారేయవద్దని నా మనవి. అయినవిల్లి మొక్కు అమ్మ తీర్చుకుంది. నేనూ వెళ్ళాను, పెన్ను కూడా తెచ్చుకున్నాను, అది ఇంకా ఉంది.

ఈ మధ్య అమ్మ మరో సంగతి చెప్పింది. ఆ రాత్రి నాన్నగారు పాక దాకా వెళ్ళగలిగారట, తడిసి బిగిసిన పలుపు ముడి ఆయనకూ రాలేదట, కత్తి కోసం తిరిగేలోగా దూలం పడిందట. నేను విప్పగలిగేవాడినో కాదో ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే నాన్నగారు టీవీ శబ్దం పెంచారు. నాకు చాలా కోపం వచ్చింది, ఇంకా ఉంది.

మర్నాడు ఉదయం మా పశువుల పాకలోకి వెళ్ళి చూశాను. కట్టుగొయ్యలకు ఉన్నవన్నీ జారుముళ్ళే, కొస పట్టి లాగితే వచ్చేవే. పశువులను కట్టేది నాన్నగారే. చిన్నప్పటి నుంచి చూస్తున్నా ఎన్నడూ గమనించలేదు. దూడ పలుపు కొస పట్టి ఒక్క వేలితో లాగాను. ముడి విడిపోయింది, దూడ ఒక్క ఉరుకున వెళ్ళి పొదుగు అందుకుంది, పాలు పితకకముందే వదిలేశానని అమ్మ వంటింట్లోంచి కేకలు వేసింది.