బొగ్గుల నిప్పు దగ్గర పేతురు

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో మా సంఘంలో యోహాను సువార్త 18వ అధ్యాయం చదువుతారు. చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఈ ఏడు మాత్రం 17వ వచనం దగ్గరకు వచ్చేసరికి తల ఎత్తలేకపోయాను. యేసును పట్టుకుపోయిన రాత్రి, ప్రధానయాజకుని ఇంటి తలుపు దగ్గర కాపలా ఉన్న చిన్నది ఆయన శిష్యుడైన పేతురును చూసి, నువ్వు కూడా ఆయన శిష్యుల్లో ఒకడివే కదా అని అడుగుతుంది. కాదంటాడు. అంతే.

అడిగింది అధిపతి కాదు, సైనికుడు కాదు, తలుపు తీసే పనిపిల్ల. కొద్ది గంటల ముందే తోటలో కత్తి దూసి ప్రధానయాజకుని దాసుడు మల్కు చెవి నరికిన మనిషి, ఈ పిల్ల మాటకు జడిశాడు.

నన్ను అడిగింది ఒక ఇంటి యజమానురాలు. ఉద్యోగం విజయనగరానికి మారినప్పుడు అద్దె ఇంటి కోసం నెల రోజులు తిరిగాను. ఆ ఇంట్లో నీళ్లకు ఇబ్బంది లేదు, గాలి వెలుతురు ఉన్నాయి, ఆఫీసుకు నడిచి వెళ్లిపోవచ్చు. అడ్వాన్సు చేతిలో పెట్టబోతుండగా ఆమె గేటు పట్టుకుని నిలబడి, “మీరు చర్చికి వెళ్లేవాళ్లు కాదు కదమ్మా?” అన్నారు. గొంతులో కోపం లేదు. కరెంటు మీటరు గురించి అడిగినట్టే అడిగారు. “కాదు పిన్నిగారూ” అన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! నా ప్రాణం మీదికి ఏమీ రాలేదు. పోతే ఒక ఇల్లు పోయేది, ఇంకో వారం తిరగాల్సి వచ్చేది.

ఆ రాత్రి సామాను సర్దుతూ నాన్న బైబిలును బియ్యం డబ్బా వెనక పెట్టాను. నాన్న చేపల వేటకు వెళ్లే ముందు రోజూ చదివిన పుస్తకం. కీర్తనల దగ్గర కాగితాలు ఉప్పుగాలికి ఉబ్బిపోయి, అట్ట పూర్తిగా మూతపడదు. డబ్బాను గోడకు ఎంత నెట్టినా ఆ పుస్తకం మందం దాన్ని ముందుకే నిలిపింది.

మత్తయి తన సువార్తలో ఇంకో సంగతి రాశాడు. అక్కడ నిలబడినవాళ్లు పేతురుతో, “నీ పలుకు నిన్నుగూర్చి సాక్ష్యమిచ్చుచున్నది” అంటారు. గలిలయ యాస అతన్ని పట్టించింది. శ్రీకాకుళం వాళ్లకు ఈ వచనం విడమరిచి చెప్పనక్కరలేదు. హైదరాబాదులో మనం నోరు తెరిస్తే చాలు, ఏ ఊరో ఎదుటివాళ్లు చెప్పేస్తారు. మా పిల్లలు ఎంతోమంది అక్కడికి వెళ్లిన నెలకే మాట మార్చుకోవడం నేర్చుకుంటారు, నాకు అది చూస్తే బాధ. పేతురు ఒట్టు పెట్టుకుని ఆయనెవరో నాకు తెలియదన్నది కూడా ఆ గలిలయ యాసలోనే అయి ఉంటుంది.

ఆ రాత్రి చలిగా ఉంది. దాసులు, బంట్రౌతులు బొగ్గులు రాజేసి చలి కాచుకుంటున్నారు, పేతురు వాళ్లతో కలిసి నిలబడ్డాడు. ఆ బొగ్గుల నిప్పుకు గ్రీకులో యోహాను వాడిన మాట ‘అంథ్రకియా’. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట రెండే చోట్ల కనిపిస్తుంది. ఒకటి ఇక్కడ. రెండోది 21వ అధ్యాయంలో, యేసు తిరిగి లేచాక, శిష్యులు చేపల వేటకు వెళ్లిన తిబెరియ సముద్రం ఒడ్డున.

మాది కళింగపట్నం దగ్గర ఊరు. వంశధార సముద్రంలో కలిసేది అక్కడే. పడవలు తిరిగొచ్చే వేళకు ఒడ్డున సరుగుడు పుల్లలు కాల్చి, మంట తగ్గి నిప్పులయ్యాక వాటి మీద కవ్వళ్ల చేపలు పరిచేవారు. కొవ్వు కరిగి నిప్పు మీద పడితే చుయ్యిమని పొగ లేచేది. ఆ వాసన జుట్టుకూ బట్టలకూ పట్టిందంటే మర్నాటికీ వదలదు. ప్రధానయాజకుని ముంగిట్లో కాచుకున్న నిప్పు వాసన కూడా పేతురు పైబట్టను అలాగే పట్టి ఉంటుంది. ఆ తెల్లవారుజామున ఒడ్డున ఉన్నది ప్రభువని వినగానే అదే పైబట్ట చుట్టుకుని నీళ్లలోకి దూకాడేమో! ఒడ్డు రెండు వందల మూరల దూరం. తడిసి ముద్దయి పైకి వచ్చేసరికి ఎదురుగా బొగ్గుల నిప్పు, దాని మీద చేపలు, రొట్టె. ఆ వాసన తగలగానే అతని గుండె ఏమై ఉంటుందో నేను ఊహించగలను. ఆ నిప్పు రాజేసింది ప్రభువే.

ఆయన వెంటనే ఏమీ అడగలేదు. “రండి భోజనము చేయుడి” అన్నాడు. మా ఇంట్లోనూ ఇంతే. వేట నుంచి వచ్చినవాడిని వల నిండిందా, ఖాళీగా వచ్చిందా అని గుమ్మంలో ఎవరూ అడగరు. చోడి అంబలి గిన్నె ముందు పెడతారు, తాగాక మాటలు. రాత్రంతా వేసిన వలలో ఏమీ పడక, తెల్లారాక ప్రభువు మాట మీద 153 చేపలు లాగిన ఏడుగురికీ ముందు కడుపు నిండింది. ఆ తర్వాతే ప్రశ్న.

అందరూ నిన్ను వదిలేసినా నేను వదలనని, యేసు పట్టుబడక ముందు పస్కా పండుగ రాత్రి గొప్పగా చెప్పుకున్నవాడు పేతురు. అందుకే మొదటి ప్రశ్న, వీళ్లకంటే ఎక్కువగా నన్ను ప్రేమిస్తున్నావా అని. పేతురు జవాబులో ‘వీళ్లకంటే’ లేదు. పక్కవాళ్లతో పోల్చుకోవడం మానేశాడు. ప్రేమిస్తున్నానని నీకే తెలుసు అంటాడు. ఆ రాత్రి అతను కాదన్నదీ మూడుసార్లే. ప్రభువు మూడోసారి అడిగితే అతనికి దుఃఖం వచ్చింది. ఒకప్పుడు నాకు ఆ మూడోసారి కఠినంగా తోచేది. సరుగుడు తోటలో పల్లేరు ముల్లు దిగితే అమ్మ సరిగ్గా దిగినచోటే సూది పెట్టేది, నేను ఏడ్చినా చెయ్యి తీసేది కాదు. ఎందుకు అలా అన్నావు అని ప్రభువు ఒక్కసారి కూడా అడగలేదు. జవాబు చెప్పిన ప్రతిసారీ తన మందను చేతిలో పెట్టాడు.

ప్రసంగాల్లో సాధారణంగా కథ ఇక్కడ ఆపేస్తారు. గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయం కూడా చదవాలి. అంతియొకయ పట్నంలో పేతురు యూదులు కాని అన్యజనులతో కలిసి భోజనం చేస్తూ ఉండేవాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే జంకి ఆ బంతి నుంచి లేచి వేరుగా కూర్చున్నాడు. ఆ పత్రిక రాసిన పౌలు అతన్ని అందరి ఎదుటా నిలదీశాడు. మళ్లీ అదే జంకు, మళ్లీ ఎవరో చూస్తున్నారనే భయం, అదీ మందను చేతిలో పెట్టించుకున్న తర్వాత! ఎవరు ఎవరి పక్కన తింటారో లెక్కలు వేసుకునే మన ఊళ్లలో ఈ అధ్యాయం ఇంకా గట్టిగా చదవాలి. లేఖనం దీన్ని దాచనందుకు నేను దేవునికి స్తోత్రం చెల్లిస్తున్నాను. ఆ పేతురే నాకు దగ్గరివాడు.

పిన్నిగారికి నేను ఇంకా చెప్పలేదు. నిన్న బియ్యం డబ్బా జరిపి నాన్న బైబిలును తీసి, దుమ్ము తుడిచి, కిటికీ పక్కన బల్ల మీద పెట్టాను. గేటు దగ్గర నిలబడితే కనిపిస్తుంది. 5వ తేదీన ఆమె అద్దెకు వస్తారు.