పోనీ

డబ్బు మాటలు పిల్లాడి ముందు తెలుగులో మాట్లాడుకోవడం మా ఇద్దరికీ అలవాటు. అద్దె, అప్పు, ఉద్యోగం ఉంటుందా ఊడుతుందా, అన్నీ తెలుగులోనే. మావాడికి 11 ఏళ్లు. ఏం అడిగినా ఇంగ్లీషులోనే జవాబిస్తాడు కాబట్టి మా మాటలు వాడి బుర్రకెక్కవనే ధీమా. వాడి నోట నిఖార్సైన తెలుగు ఏదైనా మిగిలిందంటే అది పిల్లి పేరే. మబ్బు. ఆ బూడిదరంగు చూసి చిన్నప్పుడు వాడే పెట్టాడు.

ఓ శనివారం మబ్బు పొద్దుట్నుంచీ లిట్టర్ బాక్స్‌లోకి, అంటే దాని దొడ్డికి పెట్టిన ఇసుక పెట్టెలోకి, వెళ్లడం, ముక్కడం, ఉత్తినే బయటికి రావడం. మలబద్ధకం అనుకున్నాను. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకునేది ఆ ఒక్క పూటకే. సాయంత్రానికి మంచం కింద దూరింది. ఎత్తుకోబోతే అరిచింది. పొత్తికడుపు బంతిలా గట్టిగా తగిలింది.

ఎమర్జెన్సీ ఆస్పత్రిలో డాక్టరమ్మ పొట్ట తడిమి వెంటనే తేల్చేశారు. మూత్రం దారి మూసుకుపోయింది. మగ పిల్లులకి ఆ నాళం చివర్లో మరీ సన్నం. స్ఫటికాలో, జిగురు ముద్దో అడ్డం పడితే చుక్క రాదు. మూత్రంలో పోవాల్సిన పొటాషియం రక్తంలో పేరుకుని గుండెనే ఆపేస్తుంది. ఒకటి రెండు రోజులు ఉపేక్షిస్తే ప్రాణం మీదికొస్తుంది. మత్తిచ్చి కాథెటర్, అంటే మూత్రం బయటికి తీసే సన్నటి గొట్టం, వేయాలి, సెలైన్ ఎక్కించాలి, 2-3 రోజులు అక్కడే ఉంచాలి.

ఆ వెనకే ఎస్టిమేట్ కాగితం వచ్చింది. అందులో రెండు అంకెలు, తక్కువలో తక్కువ, ఎక్కువలో ఎక్కువ. తక్కువ అంకె ముందే కట్టాలి. బీమా మేం తీసుకోలేదు. ఇప్పుడు తీసుకున్నా, మొదలైపోయిన జబ్బుకి పనికిరాదు.

ఇద్దరం తెలుగులోకి జారుకున్నాం.

"ఇంత పోశాక మళ్లీ మూసుకుపోతే?" అన్నారు మావారు. రాతిగుండె మాట కాదది. కొన్నిటికి తిరగబెడుతుందని డాక్టరమ్మే చెప్పారు. నొప్పి తెలియకుండా నిద్రపుచ్చే దారి కూడా ఉందని, మెల్లగా, మావాడు కాస్త అవతల ఉన్నప్పుడు చెప్పారు.

"పోనీ..." అని ఆగిపోయాను.

మావాడు గోడమీది పోస్టర్ చూస్తున్నాడు. తల తిప్పకుండానే అడిగాడు, తెలుగులో: "అమ్మా, పోనీ అంటే చంపేయడమా?"

ఎన్ని నెలల తర్వాతో వాడి నోట ఒక పూర్తి తెలుగు వాక్యం! అది ఇదా?

కాగితం తీసి వాడి ముందు పెట్టాను. ఇంత కడితే ఈ ఏడు అమ్మమ్మ దగ్గరికి ప్రయాణం ఉండదని చెప్పాను. వాడు చాలాసేపు చూసి తలూపాడు. తర్వాత, అప్పటిదాకా సిగ్గుపడి అడగనిది డాక్టరమ్మని అడిగేశాం: ఈ రాత్రి తప్పనిసరిగా కావాల్సినవేవి, ఆగగలిగేవేవి? ఆవిడేం అనుకోలేదు. కలం తీసి కొన్ని పరీక్షలు కొట్టేశారు. పొటాషియం, గుండె చూసే ఈసీజీ, కాథెటర్ మాత్రం ఉంచారు. డబ్బు గురించి అడిగితే పిల్లి మీద ప్రేమ లేదనుకుంటారని గంటసేపు నలిగిపోయాం, అనవసరంగా.

మూడో రోజు మబ్బు ఇంటికొచ్చింది, ముందుకాలి మీద బొచ్చు గీయించుకుని. ఇప్పుడు గదికో నీళ్ల గిన్నె, తడి మేత. రోజూ పొద్దున్నే లిట్టర్‌లో మూత్రానికి కట్టిన ముద్దలు లెక్కపెట్టి చెప్పడం మావాడి డ్యూటీ.

రావడం లేదన్న సంగతి అమ్మమ్మకి తనే చెబుతానన్నాడు. ఫోన్ పట్టుకుని తడుముకుంటూ తెలుగులో చెప్పుకొచ్చాడు. అవతల కాసేపు మాట లేదు.

"పోనీలే నాన్నా, పిల్లి బతికింది కదా" అంది అమ్మ.

వాడు ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగాడు.

"ఈ పోనీ వేరేనా?"