మామయ్యగారి ఉత్తరాలు పాత సన్ యంత్రంలోంచి ఎలా తీశానంటే

నిన్న రాత్రి పదకొండున్నరకు చివరి ఫైలు దిగింది. ఆ సంతోషం చల్లారక ముందే ఇది రాస్తున్నాను.

అమెరికాలో ఫ్రీమాంట్‌లో ఉంటున్న మా మామయ్యగారి గ్యారేజీలో స్పార్క్‌స్టేషన్ 1+ అనే పాత కంప్యూటరు ఉంది. సన్ మైక్రోసిస్టమ్స్ 1990లో తెచ్చిన యంత్రం, వేగం 25 మెగాహెర్ట్జ్‌. తొంభైల్లో అత్తయ్య ఇండియాలో ఉన్నప్పుడు మామయ్యగారు ఆమెకు రాసిన ఉత్తరాలన్నీ అందులోనే ఉన్నాయి. తెలుగును ఇంగ్లిషు అక్షరాలతో రాసే ఆర్‌టీఎస్ పద్ధతిలో రాశారు. అత్తయ్య ఇప్పుడు లేరు.

యంత్రం మొదటి ప్రయత్నంలోనే లేచింది. మానిటరు లేదు, నెట్‌వర్క్ పోర్టుకు కేబులు తగిలించే ట్రాన్సీవర్ అనే పరికరమూ లేదు. మిగిలింది సెకనుకు 9600 బిట్ల వేగంతో, ఒక్కో బిట్‌నే వరుసగా పంపే సీరియల్ పోర్టు. డిస్కు విప్పడానికి మామయ్యగారు ఒప్పుకోలేదు, ఆయన మాటే సరైనది.

లాప్‌టాప్‌లో మినికామ్ పెట్టాను, సీరియల్ పోర్టు ద్వారా అటు యంత్రంతో మాట్లాడే ప్రోగ్రాం అది. లాగిన్ దగ్గర సగం అక్షరాలు సరిగా, సగం పిచ్చిగా కనిపించాయి. అటువైపు అక్షరానికి 7 బిట్లు, తప్పు పట్టుకోవడానికి తోడుగా ఒక సరి పారిటీ బిట్. ఇటువైపు 8 బిట్లు, పారిటీ లేదు. ఇటువైపు కూడా 7 బిట్లు, సరి పారిటీగా మార్చగానే కుదిరింది.

ఉత్తరాలు మామూలు అక్షరాలే కదా, తెర మీదికి రప్పించి లాగ్ ఫైలులో దాచుకుంటే చాలనుకున్నాను. అలాగే దాచి, తెలుగు లిపిలోకి మార్చి, అచ్చు తీసి ఆయన చేతిలో పెట్టాను. రెండో పేజీలో ఆయన వేలు ఆగిపోయింది.

“నేను ‘పాలు’ అని రాయలేదు నాన్నా. ‘పాటలు’ అని రాశాను. మీ అత్తయ్య పాడిన పాటలు.”

దారిలో రెండు ఇంగ్లిషు అక్షరాలు రాలిపోయాయి. పాటలు పాలయ్యాయి. ఎక్కడా హెచ్చరిక రాలేదు, వాక్యం కూడా చదవడానికి బాగానే ఉంది. ఇంకెన్ని మాటలు అలా పోయాయో చెప్పలేక ఆయన ముందు తల దించుకుని నిలబడ్డాను. తప్పు, లాప్‌టాప్‌ను సీరియల్ పోర్టుకు కలపడానికి చవకగా కొన్న యూఎస్‌బీ సీరియల్ అడాప్టరుది. అమ్మినవాడు నా కేబులునే తప్పుపట్టాడు. అడాప్టరు మార్చాక అక్షరాలు రాలడం ఆగింది. దీనికి పది డాలర్లు ఎక్కువ పెట్టండి, బేరమాడకండి.

అయినా నాకు నమ్మకం కుదరలేదు. ప్రతి ముక్కనూ సరిచూసుకుని, తేడా వస్తే మళ్లీ అడిగి తెప్పించుకునే పద్ధతి కావాలి. అలాంటి పాత పద్ధతుల్లో ఒకటైన ఎక్స్‌మోడెమ్‌కు 8 బిట్ల దారి కావాలి, నాది 7 బిట్ల దారి. పైగా ఫైలు చివర 128 బైట్లకు సరిపోయేలా చెత్త నింపుతుంది. 1981లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పుట్టిన మరో పద్ధతి కెర్మిట్ 7 బిట్ల దారిలోనూ నడుస్తుంది. కాబట్టి కెర్మిటే. లాప్‌టాప్‌లో సీ-కెర్మిట్, సన్‌లో అదే కొలంబియావారి చిన్న ప్రోగ్రాం జీ-కెర్మిట్.

కానీ ఫైళ్లు పంపే ప్రోగ్రామునే ముందు ఆ యంత్రంలోకి పంపాలి! ఆ యంత్రపు ఆపరేటింగ్ సిస్టమ్ సన్ఓఎస్‌లో, సీ భాషలో రాసినదాన్ని నడిచే ప్రోగ్రాముగా మార్చే కంపైలర్ ఉండడం నా అదృష్టం. జీ-కెర్మిట్ సోర్సును, అంటే సీ భాషలో రాసిన దాని మూలాన్ని, అక్షరాలుగానే పంపితే మధ్యలో “సైలో ఓవర్‌ఫ్లో” అని మెరిసింది. వచ్చిన అక్షరాలను యంత్రం వెంటవెంటనే తీసుకోలేక వదిలేస్తోందన్నమాట. రెండు రాత్రులు కంపైలర్ తప్పులు చూపిస్తూనే ఉంది, నేను అవి నా తప్పులనుకుని సోర్సు దిద్దుతూ కూర్చున్నాను. చివరికి మినికామ్‌లో ప్రతి వరుస తర్వాత కొద్దిగా ఆగేలా పెట్టాను. ఫైలులోని బైట్లన్నిటి నుంచి ఒక సంఖ్య లెక్కకట్టే ‘సమ్’ ఆదేశంతో రెండు వైపులా పోల్చి, లెక్క కలిశాకే కంపైల్ చేశాను. ఒక్క తప్పూ రాలేదు. మీరు ఈ పని చేస్తే కంపైలర్ జోలికి వెళ్లే ముందే ‘సమ్’ చూడండి.

తర్వాత ఉత్తరాలన్నీ వరుసగా దిగాయి. ప్రతిదానికీ సమ్ పోల్చాను, ఒక్కటీ తేడా లేదు.

ఈ ఉదయం కొత్త అచ్చు తీసుకెళ్లాను. మామయ్యగారు కళ్లజోడు పెట్టుకుని నేరుగా రెండో పేజీ తీశారు. ఆ వాక్యాన్ని పైకి చదివారు, ‘పాటలు’ దగ్గర ఆగి, మొదటి పేజీకి తిప్పి మళ్లీ మొదలుపెట్టారు.